అడగకుండా పట్టిన గొంతు

బహుళ విదియ. మంచు పలచన.

రోజూ ఏం జరిగిందో రాసి ఉంచమని రేవు సభ ఆజ్ఞ. నాకు రాయడం కంటే తిట్టడం బాగా వచ్చు. అయినా రాస్తున్నాను.

పొద్దున్నే సోలార్ పలకల మీద పొడి తుడిచాం. ఎండ తగ్గించాలని ఎవరో మహానుభావులు ఆకాశంలో చల్లిన లోహపు పొడి మా అమ్మమ్మ కాలం నుంచీ రాలుతూనే ఉంది. ఎండ తగ్గిందో లేదో వాళ్లకే తెలియాలి, మాకు మాత్రం తుడుపు తప్పలేదు. ఈ పొడి మంచులో కలిసిన రోజున రేడియో బుస్సుమనడం తప్ప ఒక్క మాట పలకదు. అందుకే సముద్రం మీద తెప్పలు కట్టుకుని బతికే మా తెప్పలపేటలో పడవలు ఇల్లు చేరాలంటే మనిషి గొంతే దిక్కు. పడవలు లోపలికి వచ్చే ఉత్తరపు సందు దగ్గర మేడ మీద నిలబడి, బాకాలో నోరు పెట్టి, ఒక్కో పడవనీ పేరుపెట్టి పిలవాలి. ఎడమో కుడో చెప్పి తెప్పల మధ్యకి తీసుకురావాలి. ఆ పని నేను చాలా ఏళ్లు చేశాను. పైడితల్లి కేక పెడితే తుఫాను కూడా సర్దుకుని కూర్చుంటుందని అనేవాళ్లు. ఇప్పుడు నా గొంతు చిల్లుల జల్లెడ. గొంతు పోయింది కాబట్టి సభ నన్ను పంతులమ్మని చేసింది. మాట భయం పట్టుకున్న ఆడపిల్లల్ని నా దగ్గరికి పంపిస్తారు.

మధ్యాహ్నం సరంగు మసేను తన మేనకోడల్ని తీసుకొచ్చాడు. పేరు నూకరత్నం, పంతొమ్మిదేళ్ల పిల్ల. వచ్చినప్పటి నుంచి తన కాలివేళ్లనే చూసుకుంటూ నిలబడింది.

"మాట పడిపోయిందా?" అని అడిగాను.

"పడిపోనేదొదినా, మానీసింది," అన్నాడు మసేను. "ఐసుగదిలో దీంతో పని సేసే గుంటలు దీని గొంతు పెట్టెలో పట్టీసారు. అడగనైనా అడగనేదు."

నాకు ఒళ్లు మండింది. మాలో గొంతు పట్టాలంటే అడగాలి. "పట్టుకోనా?" అనాలి. ఆ మనిషి తన నోటితో "పట్టుకో" అనాలి. సముద్రంలో పోయినవాళ్ల మాట ఇంట్లో మిగలాలని పెట్టుకున్న పెట్టెలు ఇవి. నాలుగు ముక్కలు వింటే చాలు, ఆ గొంతుతో ఏదైనా పలుకుతాయి. అందుకే మొగుడూ పెళ్లాలైనా సరే, అడగనిదే పట్టరు.

పడవల్ని సాగనంపేటప్పుడు రత్నం గొంతు చీలిందట. ఆ చీలిన కేకని పట్టి, దాంతో "నన్నెవరైనా మనువాడండి బాబో" అని పలికించి, భోజనాల సాలలో పూటపూటకీ వినిపించారట. సాల అంతా పొట్ట పట్టుకుని నవ్విందట. పిల్ల ముందు సాలకి పోవడం మానేసింది, తరవాత మాట మానేసింది.

"ఇలగే ఉంటే ఒడ్డు మీద ఉప్పు కొఠార్లకి పంపీమంటంది దీనమ్మ. ఆడైతే మాటాడకపోయినా పని సేసుకోవచ్చట. నాకు మనసొప్పట్నేదు. నువ్వేటైనా సెయ్యొదినా," అన్నాడు మసేను.

"ఎక్కడికీ పంపక్కర్లేదు. నాకొదిలెయ్," అన్నాను. గొప్పలకి నాకెవరూ సాటి రారు.

సప్తమి. గాలి తూర్పు.

ఇప్పుడు నా దగ్గర ముగ్గురు పిల్లలు. దేవుడమ్మ కాస్త నయం, ధైర్యం చిక్కినప్పుడు నాతో పోట్లాడుతుంది. ఎల్లారీశ్వరికి గుసగుస తప్ప మాట లేదు, అదీ దేవుడమ్మ చెవిలోనే. దాన్ని కూడా ఏదో పేరు పెట్టి ఏడిపించారట. ఆ పేరేమిటో నాకు ఇప్పటికీ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు.

ముగ్గురినీ వీపుకి వీపు ఆనించి కూర్చోబెట్టి రొయ్యలు ఒలిపిస్తాను. ముఖాలు కనిపించకపోతే మాట కాస్త తేలిగ్గా వస్తుంది. చేతికి పని ఉంటే ఇంకా తేలిక. ఈ రోజు పులుసులో కావాలనే ఉప్పు వెయ్యలేదు. దేవుడమ్మ తిన్నది, ఎల్లారీశ్వరి తిన్నది. రత్నం రెండు ముద్దలు మింగి, మూడో ముద్ద దగ్గర ఆగి, గిన్నె వైపు చూస్తూ "ఉప్పు నేదు," అంది.

అంతే. నేను విననట్టు ఊరుకున్నాను. తెప్ప వెనక్కి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఉప్పు లేని పులుసు తిని ఏడ్చిందని ఎవరైనా అనుకుని ఉంటారు.

సాయంత్రం రత్నాన్ని ఒక్కదాన్నే ఖాళీ నీళ్ల ట్యాంకులోకి పంపించి మూత వేశాను. అక్కడ ఏం అరిచినా బయటికి ఒక్క మాట కూడా రాదని చెప్పాను. అది అబద్ధం. మూతకి చెవి ఆనిస్తే అంతా వినిపిస్తుంది. చెవి ఆనించి కూర్చున్నాను. తరవాత కేక వచ్చింది. "బంగారుగంగో... ఎడం కాయ్... ఎడం కాయ్..." బంగారుగంగ వాళ్ల మామ పడవ పేరు, ఎడం కాయ్ అంటే ఎడమకి తిప్పమని. చివర్లో ఒకచోట చీలింది గానీ, ఆ గొంతులో ఉన్న బిగువు నా మంచి రోజుల్లో నాకు కూడా లేదు.

నా ఒళ్లో పెట్టె ఉంది. పట్టేశాను.

అడగడం మర్చిపోయానని రాద్దామనుకున్నాను. మర్చిపోలేదు. అడిగితే వద్దంటుందని అడగలేదు.

దశమి. మంచు ఓ మాదిరి.

అమావాస్య దాటితే ముదురు మంచు దిగుతుంది. ఆలోపు ఉత్తరపు సందుకి కేక మనిషి కావాలని సభ తొందర. రత్నాన్ని మేడ ఎక్కిద్దామన్నాను. దేవుడమ్మ నన్ను వారించింది కూడా. "ఇంకా కుదురుకోనేదు పిన్నీ, కొన్నాళ్లాగు," అంది. నేను వింటానా?

సాయంత్రం తెప్పల అంచులన్నీ జనం. ఐసుగది అమ్మాయిలు ముందు వరసలో నిలబడ్డారు. రత్నం మేడ ఎక్కింది. నేను కింద గదిలో కూర్చున్నాను. బాకా గొట్టం ఆ గదిలోంచే బయటికి పోతుంది.

మొదటి పిలుపు వచ్చింది. రెండో మాట దగ్గర గొంతు చీలింది. ఎక్కడో కిసుక్కుమని నవ్వు. ఆ తరవాత పైనుంచి సన్నటి గొణుగుడు తప్ప ఏమీ లేదు.

నేను భరించలేకపోయాను. బాకా అతుకు విప్పి, పెట్టె మూతి దానికి ఆనించి నొక్కాను. చీలిక సరిచేసి, ఒక్కో పడవ పేరుకీ పలికేలా ఉంచిన కేక. అది ఎందుకు సరిచేసి ఉంచానో, ఎప్పుడు సరిచేశానో నన్ను అడగొద్దు. రత్నం గొంతు సందు దాటి సముద్రం మీదికి పోయింది. పడవలు ఒకటి వెనక ఒకటి వచ్చి తెప్పలకి తగిలాయి. జనం చప్పట్లు కొట్టారు. ఐసుగది అమ్మాయిలూ కొట్టారు.

రత్నం నిచ్చెన దిగి పరుగున వచ్చింది. "పిన్నీ, నాను మెల్లగే అన్నాను. బాకా అంత బాగా మోసీసిందేటి? అది నా గొంతేనా?"

"నీదే," అన్నాను. అది అబద్ధం కాదు. అదే నా దరిద్రం.

ద్వాదశి. మంచు ఓ మాదిరి.

రత్నం భోజనాల సాలకి వెళ్లింది. మారు వడ్డించమని అడిగిందట. వరసలో తోసుకొచ్చిన ఐసుగది పిల్లని "ఏటే, కళ్లు కనపట్నేదేటి?" అందట. మసేను ఆ ముక్క నాకు నాలుగుసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కళ్లు తుడుచుకున్నాడు.

వాళ్లమ్మ వంజరం ముక్కలు వేయించి పంపింది. రత్నం తనే తెచ్చి, గిన్నె నా చేతిలో పెట్టి, వంగి కాళ్లకి దండం పెట్టబోయింది. వెనక్కి గెంతాను. "నా గొంతు నాకు తెచ్చిచ్చావు పిన్నీ," అంది. ముక్క నోట్లో పెట్టుకుంటే దిగలేదు. సిగ్గు అంటే ముఖం ఎర్రబడటం అనుకునేదాన్ని. కాదు, అన్నం దిగకపోవడం.

ఇంకొకటి గమనించాను. రత్నం రోజురోజుకీ మెల్లగా పిలుస్తోంది. బాకాయే మోస్తుంటే బలం పెట్టడం ఎందుకు? నేను కింద నొక్కుతూనే ఉన్నాను. ఇవాళ ఆపేస్తాను, రేపు ఆపేస్తాను అనుకుంటూ నిన్నా నొక్కాను, ఇవాళా నొక్కాను. ఆపితే పిల్ల కూలిపోతుందని భయం. ఆపకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు.

చతుర్దశి. ముదురు మంచు.

అమావాస్య దాకా ఆగలేదు, మంచు ముందే దిగింది. చేయి చాపితే వేళ్లు కనిపించలేదు. సాయంత్రం పడవలన్నీ క్షేమంగా వచ్చాయి, బంగారుగంగ తప్ప.

మసేను గొంతు మంచులోంచి వినిపించింది. "రత్తం... ఎదురుగా ఏటో నల్లగా ఉంది... ఎటు తిప్పమంటావే?"

అలా అడిగితే జవాబు చెప్పడం పెట్టెకి రాదు. బంగారుగంగ పేరు మీద దానికి నేను నేర్పిందల్లా ఒకటే కేక. నా చేయి మీట మీదే ఉంది. భయంతో నొక్కేశాను. "ఎడం కాయ్... ఎడం కాయ్..."

అదే క్షణంలో పైనుంచి, సన్నగా, బాకా గొట్టంలోంచి నా చెవికి మాత్రమే వినిపించేంత సన్నగా, రత్నం అసలు గొంతు వచ్చింది. "కుడి మావా, కుడి, కుడికి తిప్పు..."

తనదే సరైన మాట. దారి తప్పి వచ్చిన ఆ పడవకి ఎడమ పక్క మేడ కట్టిన ఇనుప దిమ్మ ఉంది. పెట్టెలోని రత్నం అరుపు కింద మేడ మీది రత్నం మాట నలిగిపోయింది. పడవ దిమ్మకి తగిలింది. మసేను చేయి పడవకీ దిమ్మకీ మధ్య పడి రెండుచోట్ల విరిగింది. ప్రాణం దక్కింది.

జనం అంతా విన్నారు. రత్నం గొంతే "ఎడం" అంది.

తను నిచ్చెన దిగి నా దగ్గరికే వచ్చింది. "పిన్నీ, నాను కుడనే అన్నాను. అన్నాను కదా? కింద నీకు ఇనపడింది కదా?"

పెట్టె నా కొంగు కింద ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "మంచులో ఏం వినిపిస్తుందమ్మా," అన్నాను.

అమావాస్య. ముదురు మంచు.

పొద్దున సభ పిలిచింది. రత్నాన్ని అడిగారు. "కుడి అందామనుకున్నాను. నోట్లోంచి ఎడమని వచ్చిందేమో. నాకు తెల్దు," అంది. ఆ తెలియదన్న మాట చెప్పడానికి దానికి ఎంతసేపు పట్టిందో చూశాను. తరవాత నన్ను అడిగారు, కింద గదిలో ఉన్నావు కదా, ఏం విన్నావని. గాలి గోలలో సరిగా తెలియలేదన్నాను.

ఇంత రాశాక ఇంక దాచేదేముంది? మీట నొక్కిన ఈ చేతితోనే రాస్తున్నందుకు నా చేయి అంటేనే నాకు అసహ్యంగా ఉంది. ఐసుగది పిల్లలు రత్నం గొంతుతో పిచ్చి మాటలు పలికించారు. నేను దాని గొంతుతో దాని మామ చేయి విరిచాను. పైగా, నీ మాట నీకే గుర్తులేదని దాన్నే నమ్మించాను.

మధ్యాహ్నం భోజనాల సాలలో మళ్లీ పెట్టె మోగిందట. "ఎడమా, కుడా, నాకు తెల్దు బాబో." రత్నం మళ్లీ మాట మానేసింది. రేపు ఒడ్డుకి వెళ్లే లాంచీలో పంపించేస్తామని వాళ్లమ్మ మూట కట్టింది.

శుద్ధ పాడ్యమి. ముదురు మంచు.

లాంచీ కదిలేలోపు వాళ్ల తెప్పకి వెళ్లాను. మసేను కట్టు కట్టిన చేయి గుండెకి ఆనించుకుని పడుకున్నాడు. రత్నం మూట మీద కూర్చుని ఉంది. పెట్టె తీసి దాని ముందు పెట్టాను. నొక్కాను.

"బంగారుగంగో... ఎడం కాయ్..."

రత్నం పెట్టెని చూసింది. నన్ను చూసింది. అంతా చెప్పాను. ట్యాంకు మూత దగ్గర పట్టడం, చీలిక సరిచేయడం, మొదటి రోజు చప్పట్లు, ఆ తరవాత ప్రతి సాయంత్రం, మొన్నటి ఎడమ. మసేను లేచి కూర్చున్నాడు. నా వైపు చూడకుండా కట్టు సర్దుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"నాను కుడనే అన్నాను," అంది రత్నం.

"అన్నావమ్మా. నేను విన్నాను."

"నాకు పిచ్చెక్కీసిందనుకున్నాను." పెట్టెని కాలితో అవతలికి నెట్టింది. తరవాత మాట మాటకీ గొంతు చీలుతుండగా అంది. "ఆళ్లూ అడగనేదు, నువ్వూ అడగనేదు. ఆళ్లు నవ్వుకోడానికి పట్టారు. నువ్వు నా గొంతు సాలదని పట్టావు. ఈ రెంటిలో ఏది ఎక్కువ తప్పో నువ్వే సెప్పు పిన్నీ."

"నీ మీద ప్రేమతోనే..." అని మొదలుపెట్టి, ఆ మాట నాకే నచ్చక ఆపేశాను.

"నాకు కాదు, సభలో సెప్పు. నాను సెప్పమన్నానని కాదు. సభని నువ్వే పిలిసి, నువ్వే సెప్పు," అంది.

పిలిచాను, చెప్పాను. జల్లెడ గొంతుతో అందరికీ వినిపించేలా చెప్పడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావని పెద్దాయన ఒకాయన అన్నాడు. కొందరు ఉమ్మేశారు. వెనక నిలబడ్డ ఐసుగది అమ్మాయిల్లో ఒకతె ముఖం చేతుల్లో దాచుకుంది. మిగతావాళ్లు నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తెలియకుండానే ఇన్నాళ్లూ పాఠాలు చెప్పాను.

రత్నాన్ని సభవాళ్లు అడిగారు, ఒడ్డుకి వెళ్తావా, మేడ ఎక్కుతావా అని. "ఎక్కుతాను. కింద గదికి తాళం ఎయ్యండి. తాళంసెవి నాకియ్యండి," అంది.

సాయంత్రం జనం వెనకాల, ఎవరికీ కనబడకుండా నిలబడి విన్నాను. పిలుపు మొదట్లోనే చీలింది. ఎవరో నవ్వారు. రత్నం ఆగింది. మళ్లీ పిలిచింది. మళ్లీ చీలింది, మళ్లీ పిలిచింది. పడవల నుంచి "ఏటన్నావే?" అని అరిచారు. "కుడి అన్నాను! ఇనపడకపోతే ఆగి ఇనండి!" అని తిరిగి అరిచింది. ఒక పడవవాడు వినకుండా ముందుకి వస్తుంటే వాడి తాతల పేర్లు కూడా ఎత్తి తిట్టింది. ఎప్పుడూ పట్టే సమయానికి రెట్టింపు పట్టింది. అన్నీ వచ్చాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తాళ్లు కట్టుకుని, చేపల బుట్టలు దింపుకుని, మామూలు రోజులాగే ఇళ్లకి పోయారు. రత్నం నిచ్చెన దిగి నా పక్క నుంచే వెళ్లింది. నన్ను చూసింది. పలకరించలేదు.

తదియ. మంచు తగ్గుతోంది.

పాఠాలు మానేస్తానని సభకి చెప్పాను. ఉండాలో పోవాలో ఆ పిల్లల్నే అడుగు, మాకు సంబంధం లేదన్నారు.

దేవుడమ్మా ఎల్లారీశ్వరీ రొయ్యల బుట్ట దగ్గర వీపుకి వీపు ఆనించి కూర్చుని ఉన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే ఇటు తిరిగారు. అంతా మళ్లీ చెప్పాను. సభలో చెప్పినదాని కంటే ఇక్కడ చెప్పడం కష్టమైంది. అక్కడ ఉన్నవాళ్లు నన్ను నమ్మి మూత వేసిన ట్యాంకులో కూర్చున్నవాళ్లు కారు.

చెప్పడం అయిపోయింది. దేవుడమ్మ రొయ్య తొక్కల వైపు చూస్తోంది. ఎల్లారీశ్వరి దాని చెవి దగ్గరికి వంగింది, ఎప్పట్లాగే గుసగుసగా చెప్పబోయి ఆగింది. లేచి నిలబడింది. నా ముఖంలోకి చూసింది.

"పిన్నీ," అంది. ఆరు నెలలుగా నా దగ్గర ఉంటోంది, ఆ గొంతు పూర్తిగా నేను వినడం అదే మొదటిసారి. లావుపాటి గొంతు, మగపిల్లల గొంతులా గరగరలాడుతోంది. ఏ పేరు పెట్టి ఏడిపించి ఉంటారో అప్పుడు అర్థమైంది. "నా గొంతు కూడా ఉందేటి ఆ పెట్టెలో?"

ఆ పిల్ల నిద్రలో గుసగుసగా కలవరిస్తుంటే ఒకసారి పట్టాను. పాఠానికి పనికొస్తుందని.

తల వంచుకుని, "ఉందమ్మా," అన్నాను.

"గట్టిగా సెప్పు పిన్నీ," అంది ఎల్లారీశ్వరి. "దేవుడమ్మకి ఇనపడ్నేదు."